చదివింపులు

ఫిబ్రవరి మంగళవారం. మైనస్ పద్దెనిమిది.
సుపీరియర్ సరస్సు ఒడ్డు దాకా గడ్డకట్టి
రాత్రంతా పళ్లు నూరుతోంది.
ఒకప్పుడు రాగిరాయి తూచిన ఈ షెడ్డులో
ఇప్పుడు మేం పాటలు తూస్తున్నాం.

నా పని చిన్నది.
నలభై పెన్సిళ్లు చెక్కి
నలభై కుర్చీల మీద
పసుపు కాగితానికో పెన్సిల్ చొప్పున పెట్టడం.
పెన్నుతో రాసేవాడు తీర్పు చెబుతాడు,
పెన్సిల్‌తో రాసేవాడు ఆలోచిస్తాడు,
ఇది మా డైరెక్టర్ వెర్నా కంగాస్ నమ్మకం.
నాకంత నమ్మకం లేదు. అయినా చెక్కుతాను.

తెర లేదు. రంగు దీపాలు లేవు.
ఆరుగురు నటులు, ఆరు స్టాండ్లు,
కోట్లు విప్పని భుజాలు.
మడత కుర్చీని చూపించి "ఇది పడవ" అంటారు.
సరే, పడవే.
కాసేపటికి అదే కుర్చీని "ఇది గని ద్వారం" అంటారు.
సరే.
సగం నాటకానికి ముందే డబ్బిచ్చినవాళ్లం,
కుర్చీ దగ్గర వెనకాడతామా?

నటులు చదువుతారు, ఊరు చదివిస్తుంది.
బేకరీ లెంపి నెలకు పన్నెండు డాలర్లు.
మంచు తోసే ట్రక్కు ఓర్విల్ ట్రెంబాత్
ఏడాదికో కవరు, లోపల ఎప్పుడూ నలిగిన నోట్లే.
బ్యాండు పిల్లలు కార్లు కడిగి తెచ్చిన చిల్లర,
ఇంకా తడిగానే.
ఉడుత సాయమే.
కానీ ఆ పియానోకు శ్రుతి చేయించింది ఉడుతలే.
పెద్ద ఊళ్లలో ఖర్చు తడిసి మోపెడయ్యాక
జనాన్ని పిలుస్తారట.
మేం తడవకముందే పిలుస్తాం.

చదవడం అయ్యాక కాగితాలు ఏరతాను.
"రెండో అంకంలో నిద్రపట్టింది. తప్పు నాదే కావచ్చు."
"గనిలో అంత గట్టిగా పాడితే కప్పు కూలుతుంది.
పందొమ్మిదేళ్లు దిగినవాణ్ణి."
"హీటరు బాగు చేయించండి."
ఏడో వరస, గోడ పక్క కుర్చీ నుంచి ఒక్క ముక్క:
"బట్టలుతికే ఆవిడ ఎందుకు పాడదు?"

పాటలు కట్టిన పిల్ల ఊనా ప్రిస్క్
ఆ కాగితం మడిచింది. విప్పింది. మళ్లీ మడిచింది.
"ఆవిడకు పాడే తీరిక లేదు, అదే కదా నా నాటకం!"
మెట్లు అదిరేలా పైకి వెళ్లింది.
రాత్రి రెండింటికి దుస్తుల గదిలోంచి పియానో,
ఎడమచేయి ఒక్కటే.

మార్చిలో రెండోసారి.
అందరూ చప్పట్లు కొట్టిన లాంతరు పాట ఏదీ?
లేదు.
ఓర్విల్ అలిగాడు. "నా కవరు ఆ పాటకే ఇచ్చాను."
వెర్నా కాఫీ పోసి అంది:
"నువ్విచ్చింది పాటకు కాదు ఓర్విల్, కోతకు.
ఇక్కడ ఖరీదైన పని అదే."
తాగాడు. మాట్లాడలేదు.
మర్నాడు తెల్లారేసరికి
మా వాకిట్లో మంచంతా తోసేసి ఉంది,
కోపంగా, ఒక పక్కకి.

లాంతరు పాట పోయిన చోట
బట్టలుతికే ఆవిడ నిలబడింది.
పాడలేదు.
తడి చొక్కా పిండుతూ ఊపిరి వదిలే చోట
సన్నగా ఒక స్వరం. పెదవులు కలిసే ఉన్నాయి.
చొక్కా కూడా లేదు నిజానికి, ఉత్త చేతులే.
అయినా ముందు వరసలో లెంపి
నీళ్లు పడతాయని
కాళ్లు వెనక్కి లాక్కుంది.

ఆ రాత్రి ఏడో వరసకి
ఊనా నాకంటే ముందు పరుగెత్తింది.
"ఇప్పుడు కొంచెం ఎక్కువ పాడుతోంది,"
అని ఉంది కాగితం మీద.

ఆ కుర్చీలో కూర్చునేదెవరో నాకు తెలుసు.
చెప్పను. టికెట్టు చింపే చేతికి
ఆ మాత్రం మర్యాద ఉండాలి.
ఊనా అడగనూ లేదు.
పెన్సిల్ అడిగింది.
మొన మొద్దుబారి ఉంటే చెక్కి ఇచ్చాను.
కాగితం వెనక ఏదో గీసింది, కొట్టేసింది,
గీస్తూనే మెట్లెక్కింది.

ఏప్రిల్‌లో మూడోసారి.
చెక్కడానికి కూర్చుంటే ముప్పై తొమ్మిదే ఉన్నాయి.
లెక్కలో నలభై అనే రాశాను.