దీనమ్మ

పాస్‌పోర్టులో నేను సత్యవేణిని.
బళ్లో మేష్టారు రాసిన పేరది.
"బాప్తిస్మం పేరు రిజిస్టర్లో వద్దమ్మా,
రేపు కాగితాలకి ఇబ్బంది" అంటూ
మా అమ్మ మొహం చూడకుండా రాశాడు.

ఇంట్లోనూ మందిరంలోనూ దీనమ్మని.
పాస్టరుగారు వాక్యం తెరిచి
వేలు పెట్టిన చోట దొరికిన పేరట.
ఆ అధ్యాయం చివరిదాకా ఆయన చదివుండడు.
చదివితే పెట్టేవాడు కాదు.
నేను చదివాను, పన్నెండో ఏట.
పక్క ఊరి ఆడపిల్లల్ని చూద్దామని
బయటికెళ్లింది ఆ పిల్ల. అంతే.
ఆ తర్వాత అన్నలు మాట్లాడారు, రాజు మాట్లాడాడు,
రాజు కొడుకూ మాట్లాడాడు.
ఆ పిల్ల మాట ఒక్కటీ లేదు,
పేజీ తిప్పి వెతికాను.

ఇక మా కాలవగట్టు కుర్రాళ్లకి
సైకిలు పంచరైనా నా పేరే,
క్రికెట్ బంతి నీళ్లలో పడ్డా నా పేరే.
"దీనమ్మా!"
పిలిచారనుకుని తిరిగి చూసేదాన్ని.
పగలబడి నవ్వేవాళ్లు.

అందుకే విమానం ఎక్కేటప్పుడు
ఆ పేరుని ఇంట్లోనే వదిలేశాను.
జాబ్రియాలో మూడంతస్తుల ఇల్లు,
ఖద్దామా వీసా.
పొద్దున్నే ముసలావిడ ఉమ్ ఫలాహ్‌కి స్నానం,
డైపరు, దుప్పటి, మళ్లీ డైపరు.
ఊళ్లో అడిగితే "ఆస్పత్రిలో పని" అన్నాను.
కువైట్ నుంచి తిరిగొచ్చిన ఆడదాన్ని
మా పేటలో ముందు మెడ చూస్తారు, గొలుసుందా అని.
తర్వాత నడుం చూస్తారు.
ఆ చూపుకి ఆస్పత్రి అడ్డం పెట్టాను.

సత్యవేణి ఉమ్ ఫలాహ్ నోట పలకదు.
"సత్తీ, సత్తీ" అనేది.
ఒక రాత్రి కాళ్లు కడుగుతుంటే అడిగింది:
మీ అమ్మ నిన్నేమని పిలుస్తుంది?
నీళ్లలోకి చూస్తూ చెప్పాను, "దీన."

"దీన్?"
దిండు మీద లేచి కూర్చుంది.
నాకొచ్చిన అరబ్బీ వంటింటి అరబ్బీ,
ఉల్లిపాయ, చీపురు, తొందరగా, చాలు.
అందుకని చేత్తో చెప్పింది.
తన జపమాల చూపించింది,
మడిచిన నమాజు చాప చూపించింది,
గుండె మీద చెయ్యి వేసుకుంది.
ఆ తర్వాత వేలు అటు తిప్పింది,
నా పెట్టె వైపు,
చీరల కింద నేను దాచిన నల్లట్ట పుస్తకం వైపు.

మూడేళ్లుగా తెలుసన్నమాట.
తొట్టిలో నీళ్లు చల్లారిపోయాయి,
నేను లేవలేదు.

శుక్రవారం చర్చి కాంపౌండ్‌లో గదికో భాష.
మలయాళం వాళ్లు ఖాళీ చేశాక
రెండింటికి మా వంతు.
సాక్ష్యాల వేళ ఒకామెకి అకామా కొట్టారు,
ఒకాయనకి షుగరు దిగింది.
బ్రదర్ రత్నాకరం మైకు చాచి
"సిస్టర్ సత్యవేణి?" అన్నాడు.

ముసుగు సర్దుకుని లేచాను.
"నా పేరు దీనమ్మ" అన్నాను.
వెనక బెంచీలో ఎవడో కిసుక్కుమన్నాడు.
గోదారి కుర్రాడే అయ్యుంటాడు.
విచిత్రం, నాకూ నవ్వొచ్చింది.
మైకులో నవ్వాను,
గదంతా వినబడేలా.
"నేను ఆస్పత్రిలో చెయ్యట్లేదు.
ఒక ముసలావిడకి ముడ్డి కడుగుతాను.
దేవుడికి స్తోత్రం" అని కూర్చున్నాను.
ఆమెన్ అనాలో వద్దో
ఎవరికీ తెలియలేదు.

కాగితాల మీద ఇంకా సత్యవేణినే.
మార్చిలో అకామా, అదీ ఆ పేరు మీదే వస్తుంది.
ఊరికి చెప్పలేదు. మా అత్తకీ చెప్పలేదు.
కూతురికి మాత్రం చెప్పాను.
నర్సింగు ఫారంలో తల్లి పని అని గడి ఉందట,
ఏం రాయనమ్మా అంటే, చెప్పాను.
చాలాసేపు ఏమీ అనలేదు. కట్టయిందనుకున్నాను.

"చేతులకి గ్లౌజులు ఇస్తారా అమ్మా?" అంది.

ఇస్తారు.
కాళ్లు కడిగేటప్పుడు మాత్రం
తీసేస్తాను.