నీలం బ్యాక్‌గ్రౌండ్

పగలు నేను టైపింగ్ సెంటర్ చెన్నకృష్ణని.
ఫర్వానియాలో, కోళ్ళ అంగడి పక్క సందులో
ఇకామా రెన్యూవలు, సివిల్ ఐడీ, జీతం రాని కేసు,
అన్నిటికీ అరబ్బీ నాది, వేలిముద్ర వాళ్ళది.
రాత్రి పదయ్యాక షట్టరు సగం దించి
అదే కంప్యూటరు మీద పుస్తకాలు వేస్తాను.
ఏడాదికొకటి. మూడొందల కాపీలు.
ఊరెళ్ళొచ్చేవాళ్ళ సూట్‌కేసుల్లో
బొరుగుల మూటల మధ్య నలిగి వస్తాయి.

ఈసారి కథల సంకలనమని
ఏడంటే ఏడే నిబంధనలు రాసి పంపాను.
మనిషికి ఒక్క కథ. రెండు వేల పదాలు.
యూనికోడ్‌లోనే. ఫోటోలూ ముందుమాటలూ వద్దు.
ఇంకెక్కడా అచ్చు కాకూడదు.
గడువు నెలాఖరు గురువారం.
ఏడోది, దయచేసి ఫోన్ చేయొద్దు.

ముందు ఫోనే వచ్చింది.
"చూసినాలే అన్నా. నాక్కూడానా?"

సాల్మియా నుంచి విశ్వంభరరావు గారు
ఏకంగా నవల పంపారు,
మీకు నచ్చిన రెండు వేలు కోసుకోండని,
పుచ్చకాయ బేరం లాగా.
పైగా శాలువాతో ఫోటో, మూడు భంగిమల్లో.
క్రేన్ నడిపే ఓబులేసు పాత అను ఫాంటులో కొట్టాడు.
తెరిస్తే ఒత్తులన్నీ చెదిరిన చీమలు.
వాళ్ళ నాయన చావు కాబోలు,
నాలుగు పేజీల నిండా శాతం గుర్తులు.
ఇంకొకాయన కవిత, కేకు మీద రాయించి ఫోటో తీసింది.
బిడ్డ పుట్టినరోజట.
మొదటి చరణం అప్పటికే తినేశారు.
ఒకాయన నా నిబంధనల కాగితాన్నే
ఎర్రగా దిద్ది తిప్పి పంపాడు.
మూడో దాంట్లో ఒక ఒత్తు పోయిన మాట నిజమే.

మండదా మరి?
ఈ మనుషులే పొద్దున నా బల్ల ముందు
ఎట్లా నిలబడతారో చూడాలి.
నీలం బ్యాక్‌గ్రౌండంటే నీలమే,
లేతదా ముదురుదా అని రెండుసార్లు అడుగుతారు.
చెవులు కనపడాలంటే జుట్టు వెనక్కి నెట్టుకుంటారు.
నవ్వొద్దంటే నవ్వరు.
గడి దాటొద్దంటే ఊపిరి బిగబట్టి
ఇంటిపేరుని మడిచి గడిలో పెడతారు.
పాస్‌పోర్టులో తాత పేరు తప్పు పడితే
ఆ తప్పునే తాతగా మోస్తారు పదిహేనేళ్ళు.
వీళ్ళకు నిబంధనలు రావా?
నా కాగితం దగ్గరకొచ్చేసరికే
చెప్పులు విడిచి
బాసింపట్లు వేసుకుని కూర్చుంటారు.

ఈ మాట తట్టింది రాత్రి ఒంటిగంటకు.
కోపం పోలేదు.
దాని కింది కుర్చీ ఎవరో లాగేశారంతే.

అప్పుడు విన్నాను పెంచలమ్మ వాయిస్ మెసేజీలు. పదకొండు.
రాయడం రాదంది.
దుప్పటి ముసుగులోంచి గుసగుసగా చెప్తూ చెప్తూ
"అయ్‌వా మామా" అని లేచి పోయింది.
తలుపు చప్పుడు.
తర్వాత చాలాసేపు ఏసీ మోత ఒక్కటే.
తిరిగొచ్చి, జవాబు చెప్పలేని ఫోన్‌ని
"యాడిదాకా చెప్పినా అన్నా?" అనడిగింది.

గడువు దాటి నాలుగు రోజులు.
పదాల లెక్క దేవుడికెరుక.
కూర్చుని టైపు చేశాను.
ఏసీ మోతని ఏం చేయాలో తెలీక
ఒక వరస ఖాళీగా వదిలాను.
విశ్వంభరరావు గారి నవల మాత్రం వెనక్కి పంపాను,
శాలువాలతో సహా.

పొద్దున ఓబులేసు ఇకామా పనికి వచ్చాడు.
ఫోటో సరైన కొలత, సరైన నీలం,
చెవులు రెండూ ఉన్నాయి.
"నా కథేమైంది అన్నా?"
ఫోటోలో లేని నవ్వు.
శాతం గుర్తుల్లో పోయిందయ్యా, అన్నాను.
కాసేపు గోడ గడియారం చూసి
"నోటితో చెప్పేదా?" అన్నాడు.

వాడి వెనక వరసలో ఎనిమిది మంది,
చేతుల్లో నీలం ఫోటోలు.
షట్టరు దించినాక రా, అన్నాను.
ఫోన్ మాత్రం చేయొద్దు.