కన్నం పడిన ఉత్తరం

కోట వీధి తపాలా కచేరీ మేడ మీద
నల్లకాగితం అంటించిన కిటికీ పక్కన
నాకొక బల్ల, బ్లేడు, జిగురు సీసా ఇచ్చారు.
జీతం నలభై రెండు రూపాయలు, యుద్ధ భత్యం వేరే.
ఊళ్లో కత్తెర పంతులనేవారు నన్ను.
కత్తెర కాదు, బ్లేడు.
ఆ తేడా ఎవరిక్కావాలి?

ఓడ అని ఉంటే తీసెయ్యాలి.
రేవు, కొండ మీది ఫిరంగి, రైలొచ్చిన వేళ,
మబ్బు పట్టిందన్న మాట కూడా.
మబ్బుల చాటున విమానాలొస్తాయని
ఆల్డ్రిడ్జ్ దొర సగం ఇంగ్లీషులో, సగం చేతుల్తో చెప్పాడు.
గోడ మీద పేద్ద చెవి బొమ్మ,
దాని కింద తెలుగు ముక్కలు నావే,
అచ్చుతప్పు కూడా నాదే.

వేసవిలో ఒక సోమవారం రేవు మీద బాంబులు పడ్డాయి.
పొద్దుగూకేసరికి ఊరు జట్కాల మీద, మూటల కింద
సింహాచలం దారి పట్టింది.
నేనుండిపోయాను. ఉత్తరాలు పారిపోవు కదా.

ఆ వారంలోనే వచ్చింది
పెదజాలారిపేట మైలపల్లి కాసులమ్మ ఉత్తరం.
ఈజిప్టులో కందకాలు తవ్వే ఎల్లాజీకి,
అరుగు మీది బుచ్చెంకన్న దస్తూరీతో, ఆమె నోటి మాటగా:

"వలలు బాగున్నాయి. మీయమ్మకి మోకాలు నొప్పి తగ్గింది.
బర్మా బియ్యం రాటం లేదు, సోళ్లు తింటన్నాం.
రేవులో ఓడ కాడ బాంబు పడ్డ దినం
పిల్లడు పీతలకెల్లాడు. మరి రాలేదు.
డబ్బులందాయి."

రేవు ఉంది. ఓడ ఉంది. బాంబు ఉంది.
బ్లేడు 'రేవు' దగ్గర దిగి 'రాలేదు' దాకా వెళ్లింది.
'దినం' దగ్గర ఆపి ఉండొచ్చు.
ఆపితే ఏమైందని అతనడుగుతాడు, ఆమె రాస్తుంది,
మళ్లీ నేనే కొయ్యాలి, అనుకున్నాను.
నిజానికి భోజనం వేళైంది.

కోసిన పీలికలు శనివారం పొయ్యిలోకి.
ఆ శనివారం టీ కూడా ఆ మంట మీదే కాగింది.

వానలప్పుడు అటునుంచి జవాబు:
"పిల్లడికి ఇత్తడి ఈల కొన్నాను. బడికెల్తన్నాడా?"
అందులో కొయ్యడానికేమీ లేదు.
ముద్ర కొట్టి పంపాను.
తర్వాత్తర్వాత: "ఆడి పాదం తాడుతో కొలిసి పంపు, బూట్లు తెస్తాను."
ముద్ర కొట్టాను.

ఒకరోజు కిటికీ కింద ఆమె గొంతు:
"ఈడికి మతి పోయిందేటి బాబూ?
అంతా రాయించినా ఈలంటాడు, బూట్లంటాడు!"
బుచ్చెంకన్న అన్నాడు, "యుద్ధంలో అంతేనమ్మా,
తలకాయలు తిరిగిపోతాయి."
నల్లకాగితం గోటితో గీకి చూశాను.
ఎండలో ఆమె తడి చీర కొంగు, తల మీద ఖాళీ గంప.
పదిహేడు మెట్లు దిగితే చాలు.
రహస్యం కాపాడతానని సంతకం పెట్టినవాణ్ని,
పదిహేడు మెట్లూ లెక్కపెట్టి ఊరుకున్నాను.
ఆమె ఇంక ఉత్తరం రాయించలేదు.

యుద్ధం అయిపోయింది.
వేన్నీళ్లు పోసి కిటికీల నలుపు గీకించారు,
ఉన్నట్టుండి గదిలోకి సముద్రం వచ్చింది.
ఆ వెలుతురులో ఒకడు నిలబడ్డాడు,
చేతిలో మడతలు పడ్డ ఉత్తరం.
కన్నంలో వేలు పెట్టి,
"ఇది మీ పనేనా బాబూ?"

నాదే.

"ఊరంతా సెప్పేసింది, నాకు తెలుసు.
అదెలా సెప్పిందో అది కావాల."

దొరలు వెళ్లలేదింకా. నా సంతకం ఉంది.
చెప్పాను. పది మాటలు, ఆమె యాసతోనే.

"మరి రాలేదు అందా?
సచ్చిపోనాడనలేదా?"
అనలేదు.

కాసేపు కిటికీ వైపు చూశాడు.
"అయితే ఇంటికెల్తాను," అన్నాడు,
పదిరోజులుగా రైలుస్టేషన్‌లో పడుకుంటున్న మనిషి.
మెట్ల మీద జేబులోని ఈల
దేనికో తగిలి చిన్నగా టింగుమంది.

ఉత్తరం బల్ల మీదే వదిలేశాడు.
కన్నంలోంచి చెక్క కనిపిస్తోంది,
దాని మీద వేల బ్లేడు గీతలు.
కాగితం అటూ ఇటూ జరుపుతూ
దీని గీత ఏదా అని
లాంతరు పెట్టేదాకా వెతికాను.