ఉత్త తీగ

నల్లగొండ ట్రైనింగు సెంటరు ఎనుక
పదకొండు స్తంభాలున్నయి.
వాటి మీది తీగ ఏ ఊరికీ పోదు.
తుమ్మచెట్ల కాడ మొదలైతది,
ప్రహరీ గోడ కాడ ఆగిపోతది.
ఏడో స్తంభానికి ఎవరిదో దూడ కట్టేసి ఉంటది.

ఆరు రోజులు దేవరకొండ సెక్షన్ల
ముత్తిలింగమన్న ఎంబడి నిచ్చెన మోస్త.
తాడు పట్టమంటె పడత,
ప్లాసు అందియ్యమంటె అందిస్త,
రెండు చాయ్‌లు మూడు గిలాసల్ల తెస్త.
ఎందుకన్నా అట్ల కడుతున్నవని అడిగితే
"కండ్లున్నయి గద, సూడు" అంటడు.
సూస్త.
ఆయన చేతులు నా కండ్ల కంటె జల్ది పోతయి.
కింద వరి ఎండుతుంటది,
గట్టు మీద రైతు ఫోన్ల ఎవరినో తిడుతుంటడు,
ఆ తిట్టు మాకు ఇనబడాలనే.
నేర్పేటందుకు ఆడ టైము లేదు.
తప్పు చేసేటందుకు అసలే లేదు.

గురువారం ఏడింటి బస్సు.
కొండమల్లేపల్లి దాటినంక కూసునే జాగ దొరుకుతది.
సంచిల టిఫిన్ డబ్బ, గళ్ళ నోటుబుక్కు,
ముత్తిలింగమన్న మాట:
"పో బిడ్డా, కరెంటు లేని స్తంభమెక్కి
సర్కసు నేర్చుకొని రా."

అంజద్ సార్ గొంతు పెద్దది కాదు.
మొదటి రోజు ఎవ్వరినీ ఎక్కనియ్యలే.
స్తంభం నీడల కూసోబెట్టి
"ఇది మిమ్ముల చంపదు,
అందుకే మీరు దీన్ని లెక్కచెయ్యరు.
లెక్కచేసుడే ఈడ పాఠం" అన్నడు.
రమావత్ సక్రు నవ్విండు.
మర్నాటి వారం సక్రునే ముందు పిలిచిండు.
బెల్టు కొక్కెం చూసుకోలే, దిగు.
మల్ల ఎక్కు. గ్లౌజు ఊది సూడలే, దిగు.
మల్ల ఎక్కు. ఎర్తు రాడ్డేది? దిగు.
పగటాల్ల దాక సక్రు
ఎక్కిన దానికంటె దిగిందే ఎక్కువ అనిపించింది.
అన్నం కాడ నా మామిడికాయ తొక్కు తినుకుంట
"నిద్రల గూడ దిగుతనేమో" అన్నడు.

నేను ఇన్సులేటరుకు తీగ కడితే
తొమ్మిదిసార్లు ఊడింది.
తొమ్మిదిసార్ల ఏ మోటరూ ఆగలే,
ఏ పిండిగిర్నీ ఆగలే,
రేపటి పరీక్షకు చదివే ఏ పిల్లా
చీకట్ల కూసోలే.
సార్ కింది నుంచి అడిగేది ఒక్కటే:
"ఎందుకు ఊడింది?"
నిచ్చెన మోసిన ఏడాదిల
నన్నెవరూ ఈ మాట అడగలే.
పదోసారి నిలిచింది.
ఊగులాడి సూసిన, నిలిచింది.
మల్ల నేనే ఇప్పేసిన,
నా ఎనుక లైన్ల ఇంకో పిలగాడున్నడు.

పొద్దుగూకి ఇంటికొస్తే అమ్మ అడుగుతది,
ఇయ్యాల ఎన్ని ఊర్లకు కరెంటిచ్చినవని.
ఒక్క ఊరికీ లేదంటె
బువ్వ పెట్టుకుంట అనుమానంగ సూస్తది.

ఎండకాలం చివర్ల ఓ రాత్రి గాలిదుమారం.
చందంపేట దిక్కు
బత్తాయి తోట నడుమ తీగ తెగింది.
సబ్‌స్టేషన్ల లైను బంద్ చేసిండ్రు.
ముత్తిలింగమన్న టార్చి పట్టి
"ఎక్కు, ఏం లేదు దాంట్ల" అన్నడు.

నేను గ్లౌజులు ఊదిన.
కొక్కెం రెండుసార్లు గుంజి సూసిన.
అటు ఒకటి, ఇటు ఒకటి
ఎర్తు రాడ్లు తగిలించిన.
కింద ఎవరో "ఇగ తెల్లారుతది" అన్నరు.
ముత్తిలింగమన్న ఏమనలే.
మెరుపు రాలే, చిటపట రాలే.
నిజంగనే ఏం లేదు దాంట్ల.
లేదని తెలిసీ
ఉన్నదనుకొనే ఎక్కిన.

తెల్లారి చాయ్ బండి కాడ.
ముత్తిలింగమన్న ఎడమ చేతికి మూడే వేళ్ళు.
ఏడాది సంది ఆ చేతికే గిలాస అందిస్తున్న,
నేను అడగలే, ఆయన చెప్పలే.
ఆ పొద్దు గిలాస కింద పెట్టి
"గురువారం బస్సు ఏడింటికేనా?" అన్నడు.
"ఆ."
"ఎర్తు రాడ్డు ముందు కింద బిగియ్యాల్నా,
పైన తగిలియ్యాల్నా,
మీ సారును అడుగు జర."

నాకు తెలుసు.
ఆయనకు తెలుసో లేదో నాకు తెల్వదు.
అడుగుతనన్న.