నలభై పుల్లలు

ముందుగాల పుల్లల సంగతి చెప్తా.
బజార్ల దొరికేటియి వద్దన్నది మా నాంచారవ్వ,
నోట్ల పెడితే పేడు లేస్తదట.
ఏటూరునాగారం వెదురు, గంపలకు పోను మిగిలిన ముక్క,
కాలి బొటనవేలికి ఆనిచ్చి
కత్తి ఇట్ల పెట్టి అట్ల గుంజింది.
కండ్లు సరిగ్గ ఆనవు ఆమెకు.
నలభై అన్నది. నలభయ్యే.

బ్యాంకాక్ పోవాల్సింది అసలు మా సేటు.
పత్తి విత్తనాల కంపెనీ టూరు,
ఎక్కువ ప్యాకెట్లు అమ్మిన డీలర్లకు నాలుగు రోజులు.
సేటుకు కిడ్నీల రాయి లేచింది,
గుమస్తాకు అదృష్టం లేచింది.
దుబాయి పోదామని ఎన్నడో తీసిన పాస్‌పోర్టు నాది,
ఒక్క ముద్ర పడకుంట
బియ్యం డబ్బాల పండుకొని ఉండె.

మూడో పొద్దు, ఇంకా తెల్లారలే,
హోటల్ ఎనక గల్లీల పొగ.
ముందు కొబ్బరిపాలు మాడిన వాసన,
దాని ఎనక కొవ్వు కరిగే వాసన.
రెండోది నాకు పుట్టినకాడికెల్లి ఎరికే.
హెల్మెట్ తియ్యకుంటనే ఒకాయన కొంటుండు,
కోటేసుకున్న బ్యాంకు పిల్ల, ఖాకీల పోలీసు,
అందరు ఒక్కటే లైన్ల.
పొయ్యికాడి ఆమెను ఎవ్వలు ఏమడుగుతలేరు,
ఎన్ని పుల్లలని తప్ప.

నేను మూడో తరగతిల
టిఫిన్ డబ్బ మూత సగమే తీసేటోన్ని.

నా పక్కపొంటి నర్సంపేట డీలరు,
"చికెనే గదా?" అన్నడు.
నేను తలూపిన. ఆరు తిన్నడు.

ఇగ కాశిబుగ్గల, మా డాబా మీద.
ఇస్త్రీ ఎంకటయ్య దగ్గర బొగ్గులు,
పాత కూలర్ జాలి, రెండు దిక్కుల నాలుగేసి ఇటుకలు.
కుమార్‌పల్లి మార్కెట్ల కొత్తిమీర వేర్లు కొయ్యకు అంటే
ఆకుకూరలామె నన్ను ఎగాదిగ సూసింది,
వేర్లకు పైసలు తీస్కోలే.
వేర్లు, ఎల్లిగడ్డ, తెల్ల మిరియాలు
రోట్లేసి నూరాలె. మిక్సీ పడితే నీళ్ళయితది.
తాటిబెల్లం. సోయా సాసు. చేపల సాసు సీసా
మూత తీయంగనే అవ్వ ముక్కు మూసుకున్నది:
"ఎండుచేపల సంచి వానకు నానిందారా?"
పంది మెడకాడి మాంసం, వేలంత పొడుగు, కాగితమంత కాదు గని
సన్నగ, ప్రతి ముక్కకు ఇంత కొవ్వు.
రాత్రంత కొబ్బరిపాలల్ల.

మొదటిసారి బెల్లం మాడి బొగ్గయింది.
రెండోసారి లోపట పచ్చి.
మూడోసారి అవ్వే కూసున్నది పొయ్యిముంగట,
చేటతోని ఇసురుకుంట:
"మంట మీద కాదురా, మంట పోయినంక ఉండే దాని మీద."
బొట్లు పడ్డయి, సుయ్యుమన్నయి,
పొగ పక్కింటి దండెం మీది చీరెలకు పోయింది.
కిటికీ మూసిన చప్పుడైంది.
నేను చప్పుడు దిక్కు సూడలే.
బ్రష్ లేదు, అరటాకు తొడిమె చీల్చి
కొబ్బరిపాలు పూస్తున్న, పూస్తున్న.

వాళ్ళు అన్నం ముద్ద కొవ్వుసంచిల ఇస్తరు,
మాకు మక్క గట్క.
అవ్వ ముందటి రెండు పండ్లతోని
ఒక ముక్క గుంజి, పుల్లను సప్పరించి,
"పందిని తియ్యగ ఎందుకు చేసినవురా?" అన్నది.
అని ఇంకోటి తీస్కున్నది.

చీకటి పడ్డంక గేటుకాడ కారు.
నర్సంపేట డీలరు, ఏనుమాముల మార్కెట్ల పనుండి వచ్చిండట.
డాబా ఎక్కిండు, చెప్పులిడిసి కూసున్నడు.
నా మొకం సూడకుంట
పుల్లను అటు తిప్పి ఇటు తిప్పి,
"చికెనే గదా?"

ఈసారి నేను తల ఊపలే.
"పంది" అన్న.
బొగ్గుల్ల ఏదో చిటపటమన్నది.
ఆయన జర సేపు ఊకున్నడు,
తర్వాత తిన్నడు.
పోయేటప్పుడు ఒకటి చేతిల పట్టుకొని పోయిండు,
కారుల లైటు ఆర్పుకొని.

అవ్వ వెదురును పారెయ్యదు.
ఎంగిలి పుల్లలన్ని బకెట్ల కడిగి
వేళ్ళ నడుమ ఒక్కొక్కటే జారిచ్చి లెక్కబెట్టింది.
ముప్పై తొమ్మిది.
మల్ల లెక్కబెట్టింది.
"ఒకటేదిరా?"