తిరుగుటపా

ముప్పైయేళ్లు విజయనగరం స్టేషన్ పక్కన
ఆరెమ్మెస్ గదిలో ఉత్తరాలు వేరుచేశాను.
మస్కట్, దమ్మామ్, దోహా...
బిళ్ల చూడకముందే, కవరు జిగురు వాసనకే
ఏ గడ్డ నుంచి వచ్చిందో చేతికి తెలిసిపోయేది.
ఇప్పుడు కత్తులు వేరుచేస్తున్నాను.

ఇనప్పెట్టెలో పదకొండున్నాయి.
ఒర కొన కొక్కెంలా పైకి తిరిగితే యెమెన్,
మోచెయ్యిలా మడిస్తే ఒమాన్.
నాలుగు కడియాలైతే మామూలు మనిషిది,
ఏడుంటే రాచయింటి తీరు.
పిడి కొమ్మో లక్కో తేలకపోతే
సూది కాల్చి కనపడనిచోట గుచ్చుతాను.
కొమ్మయితే వెంట్రుక కాలిన కంపు.

నిన్న మధ్యాహ్నం కంచిలి నుంచి
ప్యాసింజరు దిగి తిన్నగా
దుంగ కూర్మారావొచ్చాడు.
తువ్వాల్లో చుట్టి, పైన మళ్లీ పేపరు.
"మా కఫీల్ ఇచ్చీసినాడు బాబూ,
మూడు నెల్ల జీతం బదులు.
ఆల తాత కట్టుకున్నదంట.
మొత్తం ఎండేనంట."

కట్టి చూపించాడు కూడా,
పక్కన కాదు, సరిగ్గా బొడ్డు మీద, లుంగీ పైన.
జామకాయల తట్ట దించుకుంటున్న ముసలమ్మ
చూసి నవ్వింది. అతనూ నవ్వాడు.

భూతద్దం తీశాను.
కడియాలు ఏడు. బాగానే ఉంది.
ఒర మీద తీగపని కుట్టింది కాదు, అచ్చేసింది:
ప్రతి పువ్వుకీ ఎడమరేకే చిట్లి ఉంది.
అలుగుకి సాన తగిలిందే లేదు.
సూది కాల్చాను.
ప్లాస్టిక్ బిందె మంటేసిన వాసన.

అతను నా మొహమే చూస్తున్నాడు,
ఒకప్పుడు కిటికీ ఊచల్లోంచి
"మావోడి ఉత్తరమేటైనా ఉందా" అని
చూసేవాళ్లలాగే.
అబద్ధం చెప్పడానికి ఒక్క నిమిషం దొరికింది.
దాన్ని కళ్లజోడు తుడవడానికి వాడేశాను.

"నకలు, కూర్మారావూ.
జాతరలో ఉంగరం పాటి."

చాలాసేపు ఏమీ అనలేదు.
తర్వాత,
"మరైతే ఆ మూడు నెల్లూ
నానేటి సేసినట్టు బాబూ?"

గోడ కట్టాడు. ఎండలో.
ఆ గోడకి నకలు లేదు,
అక్కడే నిలబడి ఉంటుంది.
ఈ మాట అతను టీ తాగి,
కత్తి బల్ల మీదే వదిలేసి,
తువ్వాలు దులిపి భుజానేసుకుని
పోయాక గాని తట్టలేదు.

పుస్తకంలో రాశాను:
పన్నెండోది. ఊరు తెలీదు.
కాలం, మొన్నమొన్నటిది. పిడి, ప్లాస్టిక్కు.
వెల అన్నచోట: మూడు నెలలు.

కలం మూత పెట్టబోయి
పై పదకొండు వరసలూ చూశాను.
ఊరుంది, కాలముంది, కొమ్ముంది, వెండి తూకముంది.
ఏది ఎవరి నడుము విప్పించి వచ్చిందో
రాసుకోడానికి
నేనసలు గడే గీయలేదు.