తెల్ల దుప్పటి

పీకో దీవిలో, నల్లరాతి గోడల వెనక,
దెయొదాతు ఇంటికి మూడోసారి వెళ్లాను.
సంచిలో బీపీ మిషను, పదకొండు ప్రశ్నల కాగితం.
మొదటిసారి అంజూరపు పళ్లు చేతిలో పెట్టి పంపేశాడు.
రెండోసారి చెవుడు నటించాడు.

ఈసారి కూతురు నతేర్సియా కాగితం అందుకుని పైకి చదివింది:
"ఊపిరి అందకపోతే యంత్రం పెట్టాలా?
మింగలేకపోతే..."
గొంతు అక్కడే పట్టేసింది.
మడిచి ఉప్పు జాడీ కింద పెట్టేసింది.

నేను లేవబోతుంటే అతనే మొదలెట్టాడు.

"ఇరవై రెండేళ్లు కొండమీద గదిలో
కళ్లల్లో వత్తులేసుకుని కూర్చున్నాను.
గోడలో జానెడు చీలిక, దాని ముందు బైనాక్యులర్స్.
తిమింగలం ఊపిరి వదిలితే
నీళ్ల అంచున ఆరిపోయిన పొయ్యి పొగంత తెలుపు.
పక్కవాడికి అది ఉత్త నురగ.
నాకు తెలిసేది, వస్తోందని.
తారాజువ్వ వదిలేవాణ్ణి.
చేలో పార చేలోనే, కంచంలో రొట్టె కంచంలోనే,
ఊరంతా రేవుకి పరుగు.
దగ్గరికొచ్చాక చూడ్డం ఏం గొప్ప?
దగ్గరికొచ్చాక ఎవడైనా చూస్తాడు."

ఆగి, నా సంచి వైపు గడ్డం ఊపాడు.
"మొన్న చలికాలం నుంచి నాకు కనబడుతోంది.
డాక్టరు నురగంటున్నాడు.
చావు కబురు చల్లగా చెప్పే రకం."

ఉప్పు జాడీ కింది కాగితం బయటికొచ్చింది.

యంత్రం వద్దు. గొట్టం వద్దు.
నొప్పికి మందు మాత్రం మొహమాటపడకుండా ఇవ్వండి.
మంచం ఈ కిటికీ పక్కకి జరపండి.
ఫాదర్ రావొచ్చు, పాడకూడదు.
పక్క దీవి ఆసుపత్రికి పడవెక్కించొద్దు.
ఫిలొమెనాని ఎక్కించాం.
తొమ్మిది వారాలు.
ఏం కావాలో తను చెప్పలేదు, మేం అడగలేదు.
చివర్లో ఆమె వేళ్లు దుప్పటి అంచుని
నలుపుతూనే ఉన్నాయి, నలుపుతూనే.
అది చదవడం మాకెవరికీ రాలేదు.

ఆరో ప్రశ్న:
మీరు మాట్లాడలేని రోజున మీ మాటగా ఎవరు?
నతేర్సియా కుర్చీ ముందుకు జరుపుకుంది.

"జెర్వాజియు" అన్నాడు.

"వలలు కుట్టే ఆ ముసలాడా! అతనికీ ఎనభై దాటాయి నాన్నా!"

"పడవలో ఉన్నవాడికి నా అరుపు వినబడదు.
కొండమీద తెల్ల దుప్పటి పరిచేవాణ్ణి.
ఎడమకి లాగితే ఎడమకి, కుడికి లాగితే కుడికి.
మడిచేస్తే, ఇక చాలు, వెనక్కొచ్చేయండని.
కళ్లెదుట తిమింగలం వీపు మెరుస్తున్నా
నేను మడిచానని చుక్కాని తిప్పేసింది వాడొక్కడే.
నువ్వు తిప్పలేవు తల్లీ.
నేనంటే నీకు ప్రాణం. అందుకే."

ఆమె లేచి పొయ్యి ఆర్పింది.
మళ్లీ వెలిగించింది.
తరవాత వచ్చి, రెండో పేరుకున్న గడిలో
తన పేరు తనే రాసుకుంది,
కలం ముల్లు కాగితానికి చిల్లు పొడిచేంత నొక్కి.

పదకొండోది వదిలేయమన్నాడు.
"అదొక్కటి సముద్రానికి ఉండనీ."

మలుపులో కారాపి వెనక్కి చూశాను.
రాతిగోడ పైన, దండెం మీద, ఒక తెల్ల దుప్పటి
గాలికి ఎడమకి లేచింది.
ఉతికి ఆరేసిందే అయ్యుంటుంది.

ఆ రాత్రి మా అమ్మకి ఫోన్ చేశాను.
పాల ధర గురించి పావుగంట మాట్లాడుకున్నాం.
సంచిలో ఇంకో ఖాళీ కాగితం ఉంది.